రైలు పోలీసుల ఇంటి కబుర్లు

ఈ మాటు రైల్వే పోలీసుల ఇంటి సంగతులు చెప్పుకుందాం. ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు ట్రాన్స్‌ఫర్ మీద పోయినారు, నెలాఖరున ఎవరికి శాలువా కప్పి పంపినారు, ఏ పోస్టు ఖాళీగా పడి ఉంది. ఇవన్నీ వాళ్ల ఆఫీసు గోడల లోపలి మాటలని మనం చెవిన పెట్టం. నాకు మాత్రం ఇవి మన కోసిగి మాటలే అనిపిస్తాయి. పత్తి, వేరుశనగ పనులు ముగిసి వాన మొహం చాటేసిందంటే ఇక్కడ ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో మీకు తెలుసు. చంటి బిడ్డ మొదలు జొన్నపిండి సంచి దాకా మూట కట్టుకుని సుగ్గికి, అంటే కూలి వలసకు బయలుదేరతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు, ముంబై కట్టుబడి పనులకు కొందరు. ఆ మూటల మధ్య, ఆ రాత్రి బండిలో, మనవాళ్లకు కనిపించే సర్కారు ఖాకీ చొక్కా ఒక్కటే. ఆ చొక్కా ఎవరిది, ఆయన ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నాడు అన్నది మన ఇంటి సంగతి కాకపోతే మరి ఎవరిది?

కోసిగి అనగానే తెలంగాణలోని కోస్గి అనుకునేరు. ఇది ఆదోని దాటి, మంత్రాలయం రోడ్డు రాకముందు తగిలే కోసిగి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు వరకు మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. రైలు మాత్రం అంతకు ఎంతో ముందే వచ్చింది. మద్రాసు నుంచి వచ్చిన మద్రాసు రైల్వే, బొంబాయి నుంచి దిగివచ్చిన జీఐపీ రైల్వే రాయచూరులో కలుసుకున్నది 1871లో. అయిదేళ్లు తిరిగేసరికి ధాత కరువు పడింది. మన సీమకు ధాన్యం బస్తాలు ఈ పట్టాల మీదే వచ్చాయి. ఆకలితో ఉన్న ఊళ్ల నడుమ నుంచి ధాన్యపు బండి పోతుంటే దానికి కాపలా అవసరమైందంటే ఆశ్చర్యం ఏముంది? రైలు కాపలా మొదట్లో మనుషుల కోసం పుట్టలేదు, సరుకు కోసం పుట్టింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

రైలులో కనిపించే ఖాకీ వాళ్లంతా ఒకే శాఖ అనుకుంటాం. రెండు శాఖలు. భుజం మీద అక్షరాలు చదివితే తెలుస్తుంది. ఒకటి జీఆర్‌పీ, అంటే రాష్ట్ర ప్రభుత్వపు రైల్వే పోలీసు. రెండోది ఆర్‌పీఎఫ్, కేంద్రంలో రైల్వే శాఖ కింద పనిచేసే రక్షణ దళం. ఈ చీలిక 1882 నాటిది. అప్పుడు రైల్వేల మీద ఉన్న పోలీసును సర్కారు పోలీసు, కంపెనీ పోలీసు అని విడదీశారు. నేరాలు, కేసులు సర్కారు వాళ్లు చూడాలి. కంపెనీ తన ఆస్తిని, తనకు అప్పజెప్పిన సరుకును తాను కాచుకోవాలి. కంపెనీ కాపలావాళ్లే తర్వాత వాచ్ అండ్ వార్డ్ అయ్యారు, 1957 చట్టంతో ఆర్‌పీఎఫ్ అయ్యారు. 1985 సెప్టెంబరు 20న వాళ్లకు కేంద్ర సాయుధ దళం హోదా వచ్చింది. అందుకే ఏటా సెప్టెంబరు 20న వాళ్లకు పండగ. పెరేడ్లు, పతకాలు, భోజనాలు ఆ రోజే. ప్రయాణికుడి రక్షణ కూడా వాళ్ల పని అని చట్టంలోకి ఎక్కింది మాత్రం 2003 సవరణతో. 2004 జులై నుంచి అది అమల్లోకి వచ్చింది. సరుకు కాపలాకు పుట్టిన దళం మనిషి దాకా రావడానికి అన్నేళ్లు పట్టింది.

కోసిగి వాళ్లకు ఈ రెండు శాఖల తేడా ఎందుకు తెలియాలో చెబుతాను. మంత్రాలయం రోడ్డు దాటగానే తుంగభద్ర వంతెన. ఏటికి ఇటు ఆంధ్ర, అటు కర్ణాటక. జీఆర్‌పీ రాష్ట్రానికి చెందినది కాబట్టి వంతెన దాటితే వాళ్ల సరిహద్దు అయిపోతుంది. మన వైపు రైల్వే పోలీసు జిల్లా గుంతకల్లుది. రాష్ట్రంలో అలాంటి జిల్లాలు రెండే, ఒకటి విజయవాడ, రెండోది గుంతకల్లు. ఆవలి గట్టున కర్ణాటక రైల్వే పోలీసు. ఆర్‌పీఎఫ్‌కు ఈ ఏరు అడ్డం కాదు, వాళ్లు కేంద్రం మనుషులు. ఇప్పుడు ఒక మాట ఊహించండి. ముంబై నుంచి ఆర్నెల్ల కూలి డబ్బు నడుముకు కట్టుకుని వస్తున్న మనిషి, రాయచూరులో కునుకు తీసి మంత్రాలయం రోడ్డులో కళ్లు తెరిచేసరికి ఆ డబ్బు లేదు. పోయింది ఏటికి ఇవతలా, అవతలా? ఎక్కడ చెప్పుకోవాలి? ఈ ప్రశ్నకు జవాబు తెలియకే మనవాళ్లు ఎంతోమంది ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చేస్తారు, కేసే పెట్టరు.

జవాబు ఉంది. ఎక్కడ దిగితే అక్కడి రైల్వే పోలీసు స్టేషన్‌లో చెప్పొచ్చు. సరిహద్దు మాది కాదని తిప్పి పంపకూడదు. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకుని, సున్నా నంబరు మీద ఎఫ్‌ఐఆర్ రాసి, ఆ హద్దు ఎవరిదో వాళ్లకు పంపాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఈ మాట స్పష్టంగా ఉంది. బండి కదులుతుండగానే అయితే టీటీఈకి చెప్పినా, ఎస్కార్ట్‌లో ఉన్న కానిస్టేబుల్‌కు చెప్పినా ఫిర్యాదు రాసుకోవాలి. ఫోనుంటే 139. మునుపు 182 అని వేరే నంబరు ఉండేది, 2021లో దాన్ని 139లో కలిపేశారు. పాత నంబరు గోడల మీద ఇంకా కనిపిస్తే దాన్ని నమ్ముకోకండి.

రైలు కాపలా గురించి మాట్లాడుతూ గూళపాళ్యం హంపన్నను తలుచుకోకుండా పోవడం నాకు చేతకాదు. ఆయన పోలీసు కాదు. గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపలాదారు. 1893 అక్టోబరు. గుంతకల్లు స్టేషన్‌లో తెల్ల సిపాయిలు దిగి ఉన్నారు. చీకటి పడే వేళ దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ల వెంట పడ్డారు. వాళ్లు పరుగెత్తి పరుగెత్తి హంపన్న గేటు గదిలోకి దూరారు. హంపన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. పక్కకు తప్పుకుంటే ఆయనను ఎవరూ అడిగేవారు కాదు. ఆ కాలంలో తెల్లవాడికి ఎదురు నిలవడం అంటే ఏమిటో ఆయనకు తెలియనిది కాదు. తప్పుకోలేదు. తుపాకి పేలింది. ఆయన ప్రాణం పోయింది, ఆ ఆడవాళ్ల మానం దక్కింది. గుత్తి కేశవ పిళ్లై ఈ ఘోరాన్ని హిందూ పత్రికకు రాసి ఊరుకోకుండా వెంటపడ్డారు. కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. కాల్చినవాణ్ణి నిర్దోషి అని వదిలేశారు. జనం చందాలు వేసుకుని హంపన్నకు స్మారకం కట్టారు. ప్రయాణికుడి రక్షణ చట్టంలోకి ఎక్కడానికి నూట పదేళ్ల ముందు ఒక గేటుమ్యాన్ దాన్ని తన పని అనుకున్నాడు. గుంతకల్లు డివిజన్‌లో కొత్తగా చేరే ప్రతి కానిస్టేబుల్‌నూ మొదటి రోజున ఆ స్మారకం దగ్గరికి తీసుకుపోవాలని నా కోరిక. డ్యూటీ అంటే ఏమిటో చెప్పే క్లాసు అంతకన్నా మంచిది దొరకదు.

ఇక ఇంటి సంగతులకు వద్దాం. రైల్వేలో నెల చివరి రోజుకు ఒక బరువు ఉంటుంది. ఆ నెలలో వయసు నిండినవాళ్లంతా ఆ ఒక్క రోజే దిగిపోతారు. ఆర్‌పీఎఫ్ వాళ్లకు అరవై ఏళ్లు. మన రాష్ట్రపు జీఆర్‌పీ వాళ్లకు 2022 జనవరి నుంచి అరవై రెండు. ఒకే ప్లాట్‌ఫారం మీద పక్కపక్కన నడిచిన ఇద్దరిలో ఒకాయన రెండేళ్లు ముందు ఇంటికి పోతాడు. ఆ రోజు దండలు, ఫొటోలు, కుటుంబాన్ని ముందు వరుసలో కూర్చోబెట్టి నాలుగు మంచి మాటలు. అందులో ఒక మాట ప్రతిసారీ వినిపిస్తుంది, పిల్లల పెళ్లిళ్లకు తప్ప పండగలకు ఇంట్లో లేడని. అది లాంఛనపు పొగడ్త అనుకోవద్దు. శ్రావణం వచ్చిందంటే ఈ లైను ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా. ఉరుకుంద ఈరన్న స్వామికి, మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఆరాధనకు కర్ణాటక నుంచీ తెలంగాణ నుంచీ జనం. మనకు జాతర, వాళ్లకు బందోబస్తు. తప్పిపోయిన పిల్లలు, మెడలో గొలుసులు, కదిలే బండి ఎక్కబోయి జారే కాళ్లు. లీవు అడిగితే దొరికే కాలం కాదది.

రాత్రి ఎస్కార్ట్ సంగతి కూడా చెప్పాలి. ఒక బండికి ఇద్దరో ముగ్గురో ఉంటారు. బోగీలు ఇరవైకి పైన. దొంగలకు ఆ లెక్క బాగా తెలుసు. ఊరి బయట సిగ్నల్‌ను చెడగొట్టి బండిని ఆపడం, కిటికీ పక్కన నిద్రపోతున్న ఆడవాళ్ల మెడలో చెయ్యి వెయ్యడం, చీకట్లో పొలాల్లోకి దూకడం మన సీమ లైన్లలో పాత పద్ధతే. ఎస్కార్ట్ వాళ్లు ఇంజిన్ వైపు ఉంటే దొంగలు చివర దిగుతారు. అందుకే పోస్టు ఖాళీలు, డెప్యుటేషన్లు అనే పొడి మాటలు వినగానే నేను చెవులు రిక్కిస్తాను. జీఆర్‌పీ మనుషుల జీతభత్యాల ఖర్చు రాష్ట్రం సగం, రైల్వే సగం భరిస్తాయి. సగం సగం అన్నచోట కొత్త పోస్టు మంజూరు కావాలంటే రెండు తలుపులు తట్టాలి. ఎమ్మెల్యేనో ఎంపీనో మన ఊరికి వచ్చినప్పుడు ఫలానా ఎక్స్‌ప్రెస్‌కు హాల్టు కావాలని అడుగుతాం, మంచిదే. ప్యాసింజర్ బండ్లలో రాత్రి గస్తీకి మనుషులు కావాలని ఒక్కరూ అడగగా నేను వినలేదు. ఈసారి అడుగుదాం.

పెద్ద మార్పు ఒకటి 2025లో వచ్చింది. ఆర్‌పీఎఫ్ డైరెక్టర్ జనరల్‌గా సోనాలి మిశ్రాను నియమించారు. మధ్యప్రదేశ్ కేడర్, 1993 బ్యాచ్ ఐపీఎస్. ఆ దళానికి ఆడమనిషి అధిపతి కావడం అదే మొదలు. కింది మెట్ల మీద ఆ మార్పు ముందే మొదలైంది. 2018లో వేసిన నోటిఫికేషన్‌లో 8,619 కానిస్టేబుల్ పోస్టులుంటే అందులో 4,216 ఆడవాళ్లకే. ఇప్పుడు దళంలో సుమారు తొమ్మిది శాతం మంది మహిళలు, కేంద్ర బలగాలన్నింటిలోనూ ఎక్కువ. మేరీ సహేలీ అని 2020లో మొదలుపెట్టిన పద్ధతి వాళ్ల చేతుల మీదుగానే నడుస్తోంది. ఒంటరిగా దూరం పోయే ఆడవాళ్లను బండి బయలుదేరే చోటే పలకరించి, సీటు నంబరు రాసుకుని, దారిలో స్టేషన్లలో ఉన్నవాళ్లకు చెప్పి, దిగేదాకా కనిపెట్టుకుని ఉంటారు. మంచి పని. అయితే అది రిజర్వేషన్ బోగీల దాకా బాగా అందుతుంది. మన సుగ్గి ఆడకూతురు ఎక్కేది జనరల్ బోగీ. ఆమెకు సీటు నంబరే ఉండదు, ఇక రాసుకునేది ఏముంది? మహిళా కానిస్టేబుళ్లు జనరల్ బోగీల్లోకి కూడా ఎక్కి పలకరిస్తే, ఆ పలకరింపు మన తెలుగులోనో కన్నడలోనో ఉంటే, అంతకు మించిన కాపలా ఉండదు.

ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 జులై 31 తెల్లవారుజామున జైపూర్-ముంబై ఎక్స్‌ప్రెస్‌లో ఎస్కార్ట్ డ్యూటీలో ఉన్న ఒక ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ తన పైఅధికారి ఏఎస్‌ఐ టీకారాం మీనాను కాల్చి చంపాడు. తర్వాత బోగీల్లో నడుచుకుంటూ పోయి ముగ్గురు ముస్లిం ప్రయాణికులను చంపాడు. కాపాడమని ఇచ్చిన తుపాకి అది. దాన్ని అలసట అనీ జబ్బు అనీ తేలిక చెయ్యడానికి నా మనసు ఒప్పుకోదు. మనిషి మీద ద్వేషం పెంచుకున్నవాడి చేతికి ఆయుధం ఇచ్చి బండి ఎక్కించారు, చుట్టూ ఉన్నవాళ్లు కనిపెట్టలేకపోయారు. రోల్‌కాల్ అంటే హాజరు పిలిచి సంతకం పెట్టించుకోవడంతో సరిపోదు. మనిషి మొహం చూడాలి, మాట వినాలి, వీడు ఈ రాత్రి తుపాకి పట్టదగ్గ స్థితిలో ఉన్నాడా లేడా అని పై అధికారి తేల్చుకోవాలి. లేడు అనిపిస్తే ఆపి ఇంటికి పంపాలి.

అదే దళంలో జగ్‌బీర్ సింగ్ రాణా ఉన్నాడు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీలో పట్టాల మీద చిక్కుకున్న ఒక కుటుంబాన్ని తోసి కాపాడి, తను బండి కింద పడి చనిపోయాడు. 2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీలో, మన సుగ్గి వాళ్లు ముంబై చేరితే దిగే ఆ స్టేషన్‌లోనే, ఆర్‌పీఎఫ్ జవాను జిల్లూ యాదవ్ పక్కవాడి పాత రైఫిల్ అందుకుని కాల్చాడు, చివరికి ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి విసిరాడు. జీఆర్‌పీ ఇన్‌స్పెక్టర్ శశాంక్ షిండే ఆ రాత్రి అక్కడే ప్రాణం వదిలారు. ఆపద వేళ భుజం మీది అక్షరాల తేడా ఎవరూ చూసుకోలేదు.

పిల్లల సంగతి. 2018 నుంచి 2024 మే దాకా ఆర్‌పీఎఫ్ వాళ్లు స్టేషన్లలో, బండ్లలో దిక్కులేక తిరుగుతున్న 84,119 మంది పిల్లలను పట్టుకుని ఒడ్డుకు చేర్చారు. నన్హే ఫరిష్తే అని దానికి పేరు. కరోనా వచ్చిన 2020లో బండ్లు ఆగిపోయి 5,011కి పడిపోయింది, 2022లో మళ్లీ 17,756కి ఎక్కింది. ఈ అంకెలు చదివినప్పుడు నాకు మన వీధుల పిల్లలే కళ్ల ముందుకు వస్తారు. అమ్మానాన్న సుగ్గికి పోతే అవ్వ దగ్గర మిగిలిన పిల్లవాడు, ఇంట్లో తిట్టారని ప్యాసింజర్ ఎక్కేసిన పిల్లవాడు, పని ఇప్పిస్తానని మేస్త్రీ వెంటబెట్టుకుపోతున్న పదమూడేళ్ల పిల్ల. ఇలాంటి బిడ్డ దొరికితే పోలీసులు ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి. అక్కడ బిడ్డ ఊరి పేరు, అమ్మ పేరు చెప్పగలిగితే ఇల్లు చేరడం సులువు. అందుకే మన బడుల్లో అయ్యవార్లు, అమ్మగార్లు చిన్నపిల్లలకు ఊరు, మండలం, జిల్లా, ఒక ఫోన్ నంబరు నోటికి వచ్చేలా చెప్పిస్తే ఎంతో మేలు. పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరు కూడా చెప్పించండి.

జోను మార్పు గురించి నాలుగు ముక్కలు. 1977 అక్టోబరు 2న గుంతకల్లు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. ఇప్పుడు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే. 2019లో ప్రకటించారు, 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. గుంతకల్లు అందులో ఒక డివిజన్. ప్రయాణికుడికి ఇది బోర్డు మీద పేరు మారడం. డ్యూటీ చేసే మనిషికి మాత్రం సీనియారిటీ ఎక్కడ లెక్కిస్తారు, ప్రమోషన్ వస్తే విశాఖకు పోవాలా, పిల్లల చదువు ఏమవుతుంది అని రాత్రిళ్లు నిద్ర పట్టని సంగతి. పాత జోను కేంద్రం సికింద్రాబాద్‌కు ఒక రాత్రి ప్రయాణం, విశాఖకు ఇంకా దూరం. గుంతకల్లులో స్థిరపడిన కుటుంబాలను చెల్లాచెదురు చెయ్యకుండా ఆ ఆర్డర్లు రావాలని కోరుకుంటున్నాను.

చివరగా, పదో తరగతి పాసైన పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్‌కు పది చాలు, ఎస్‌ఐకి డిగ్రీ. మూల వేతనం కానిస్టేబుల్‌కు 21,700, ఎస్‌ఐకి 35,400 రూపాయలు. 2024 నోటిఫికేషన్‌లో 4,208 కానిస్టేబుల్, 452 ఎస్‌ఐ పోస్టులు వేశారు, 15 శాతం ఆడవాళ్లకు. కానిస్టేబుల్‌కు మగపిల్లలు 1,600 మీటర్లు 5 నిమిషాల 45 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 3 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాలి. మిరప కోతల్లో పొద్దు పొడవక ముందు మొదలుపెట్టి పొద్దు గూకేదాకా వంగి పనిచేసే మన ఆడపిల్లలకు దమ్ము కొత్తగా నేర్పక్కర్లేదు, పరుగు నేర్పితే చాలు. మనవాళ్లు తప్పిపోయేది పరుగులో కన్నా కాగితాల దగ్గర. బీసీ పిల్లలు రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్టే జతచేస్తారు. కేంద్ర ఉద్యోగానికి అది చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు సంతకంతో ముందే తెచ్చుకోవాలి. పోయినసారి దరఖాస్తు గడువు ఏప్రిల్ 15 నుంచి మే 14 దాకా ఒక్క నెల. సుగ్గి వాళ్లు ఇంకా దారిలో ఉండే రోజులవి. సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి అప్పుడు సమయం చాలదు. కాబట్టి సుగ్గికి తాళం వేసే ముందే ఆ కాగితం చేయించి, పదో తరగతి మార్కుల లిస్టుతో పాటు ఊళ్లో ఉండే అవ్వ చేతికో, ఫోను వాడే మేనమామ చేతికో ఇచ్చి వెళ్లండి.